సబ్బు రాసిన స్క్రూలు

చలికాలంలో సైకిలు దిగినవాడు ముసలివాడి కింద లెక్క. ఆ కాలనీలో ఈ మాట ఎవరూ పైకి అనరు గానీ అందరి మనసులోనూ ఉంటుంది. మంచు మోకాలి లోతున పడినా, నది గడ్డకట్టి దాని మీద లారీలు పోతున్నా, ఉత్తరాన ధ్రువానికి దగ్గర్లో ఉన్న ఔలు ఊళ్ళో జనం సైకిళ్ళ మీదే తిరుగుతారు. తెల్లవారేసరికి మంచు తోసే బండి సైకిలు దారిని చదును చేసి పోతుంది. దాని వెనకే పనికి పోయేవాళ్ళు, బడికి పోయేవాళ్ళు, కనుబొమల మీద ఊపిరి తెల్లగా పేరుకుపోయిన ముఖాలతో వరసగా సాగిపోతుంటారు.

తౌనో కూడా కాగితం మిల్లులో ఫిట్టరుగా ఉన్నన్నాళ్ళూ సైకిలు మీదే వెళ్ళాడు. రిటైరయ్యాక కూడా మానలేదు. కిందటేడు మార్చిలో ఎండకి కరిగిన మంచు సాయంత్రానికి అద్దంలా బిగుసుకుని ఉంటే, వంతెన దిగుడులో జారి పడ్డాడు. ఎముకలు విరగలేదు గానీ నెల్లాళ్ళు నడుం పట్టేసింది. పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ ఒకే మాట చెప్పారు. ఇర్యా స్లెడ్జి ఉంది కదా, ఇక అది వాడు అని.

ఇర్యా అతని భార్య. పోయి రెండు చలికాలాలైంది. ఆమె స్లెడ్జి షెడ్డులో గోడకి ఆనించి ఉంది. ముందు చిన్న కుర్చీ, కింద రెండు పొడుగాటి ఇనప పట్టాలు. ఒక కాలు పట్టా మీద పెట్టి, రెండో కాలితో మంచును వెనక్కి తన్నుకుంటూ పోవాలి. కుర్చీలో సరుకుల సంచీ పెట్టుకుని ముసలమ్మలు దుకాణానికి వెళ్ళేది దాని మీదే. ఇర్యా కుర్చీకి కట్టిన గళ్ళ గుడ్డ ఇంకా అలాగే ఉంది. తౌనో ఆ గుడ్డ వైపు చూడకుండా షెడ్డులోంచి పార తీసుకుని వచ్చేసేవాడు. దాని మీద వెళ్తే నలుగురూ చూస్తారన్నది ఒక సిగ్గు. దాన్ని ముట్టుకుంటే ఏమవుతుందోనన్నది సిగ్గు కాదు, ఇంకోటి. అందుకని రెండింటికీ కలిపి ఒకే జవాబు చెప్పేవాడు. నాకు సైకిలుంది అనేవాడు.

కాలనీ ఇళ్ళన్నిటికీ కలిపి ఒక సౌనా, అంటే ఆవిరి స్నానాల గది, ఉంది. చెక్క గది, పొయ్యి మీద రాళ్ళు, మెట్లు మెట్లుగా బల్లలు. శనివారం సాయంత్రం మగవాళ్ళ వంతు. నవంబరులో తొలి మంచు పడ్డ శనివారం కాలనీ సంఘం అధ్యక్షుడు ఎస్కో పై బల్ల మీద కూర్చుని రాళ్ళ మీద నీళ్ళు చల్లుతూ, ఈ ఏడు ఏ బండి తౌనో అని అడిగాడు.

"సైకిలే. మేకుల టైర్లు నేనే చేసుకుంటున్నాను."

"మేకులా? పోయిన చలికాలం నువ్వే మేకులా దిగబడ్డావుగా వంతెన కింద."

అందరూ నవ్వారు. పక్కింటి రైమో కూడా నవ్వాడు. రైమో ఇళ్ళకి ఇనప రేకుల కప్పులు వేస్తాడు. నవ్వితే శబ్దం రాదు, భుజాలు మాత్రం కదులుతాయి. తౌనో కూడా నవ్వాడు గానీ ఆ క్షణానికి టైర్ల మాట ఊరికే నోటికొచ్చింది. అన్నాడు గనక ఇక చెయ్యాలి.

శనివారాలు సౌనా పొయ్యి వెలిగించే పని తౌనోది. తర్వాతి వారం పొయ్యి రాజేసి, గది వేడెక్కే లోపల బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని పని మొదలుపెట్టాడు. పాత టైర్లు రెండు, మందంగా గట్లు గట్లుగా ఉన్నవి. స్క్రూలు సంఘం సామాన్ల గదిలో దొరికాయి. ఎప్పుడో సంఘం షెడ్డుకి రైమో కప్పు వేసినప్పుడు మిగిలిపోయినవి. పొట్టివి, తలలు ఆరు మూలలుగా ఉండి ఇటుక రంగు పూసినవి, కాఫీ డబ్బా నిండా ఉన్నాయి. ఎవరినీ అడగకుండానే తీసుకున్నాడు. అడగాల్సిన వస్తువని అనిపించలేదు.

మేకుల టైరు చెయ్యడానికి రెండు పద్ధతులు. టైరు లోపల్నుంచి బయటికి స్క్రూ దించితే తల లోపలే చిక్కుకుని ఉంటుంది, ఊడి ఎక్కడికీ పోదు. కానీ ప్రతి గట్టుకీ కన్నం వేసి, బిగుతైన టైరును వేళ్ళతో విడదీసి పట్టుకుని, ఆ ఇరుకులో మర తిప్పాలి. రెండో పద్ధతి బయటి నుంచి లోపలికి దించడం. అప్పుడు తలే మేకు అవుతుంది, దాని అంచులు గడ్డకట్టిన మంచును పట్టుకుంటాయి. మొన లోపలికి వచ్చినచోట ట్యూబుకి తగలకుండా అడ్డం వెయ్యాలి. తౌనో మొదటి పద్ధతే మొదలుపెట్టాడు. నాలుగైదు దించేసరికి బొటనవేళ్ళ కీళ్ళు భగ్గుమన్నాయి. రెండో పద్ధతికి మారాడు. అడ్డం మాత్రం బ్రహ్మాండంగా వేశాడు. పాత బూట్ల లోపలి ఉన్ని, దాని మీద పాత ట్యూబు కోసిన పట్టీ, దాని మీద టేపు.

అయినా గట్టి రబ్బరులోకి స్క్రూ దిగడం కష్టంగానే ఉంది. గోడన అలమరలో తారు సబ్బు ఉంది, ఒళ్ళు రుద్దుకునేది, నల్లగా, పైన్ చెట్టు పొగ వాసనతో. కర్రలో స్క్రూ మొరాయిస్తే దానికి సబ్బు రాయడం మిల్లులో వడ్రంగులు చేసే పని. ఒక స్క్రూని సబ్బు మీద గీసి తిప్పి చూశాడు. వేడికి మెత్తబడ్డ రబ్బరులోకి వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. కీళ్ళకి నొప్పి కూడా తెలియలేదు. ఇర్యా ఉంటే ఈ చిట్కా చెప్పి మెప్పు పొందేవాడు. అన్నీ సబ్బు రాసే దించాడు.

టైర్లు బాగా వచ్చాయి. తొలి రోజు వంతెన దిగుడులో గడ్డ మీద కరకరమని చప్పుడు చేస్తూ, ఎక్కడా జారకుండా దిగాడు. కింద చేరాక ఆగి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. గడ్డ మీద చుక్కల వరస ఒకటి, తన వెంటే వచ్చినట్టుగా ఉంది. సౌనాలో మిగతావాళ్ళు స్క్రూలు ఎక్కడివని అడిగితే, మిల్లులోవి, మామూలువి కావు అన్నాడు. అది అబద్ధం. అవసరం లేని అబద్ధం. సంఘం గదిలో పడి ఉన్న డబ్బాలోవి అంటే గొప్పగా ఉండదని అనిపించి అనేశాడు, అంతే.

ఫిబ్రవరిలో చలి బాగా ముదిరాక సైకిలు దారిలో పంక్చర్లు మొదలయ్యాయి. ఒకరికి కాదు, వారంలో కాలనీలో సగం మందికి. అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడింది సినిక్కా. ఆమె ఇంటింటికీ తిరిగి ఒంటరి ముసలివాళ్ళకి మందులు ఇచ్చి, సూపు వేడిచేసి పెట్టి, ఒళ్ళు తుడిచి వచ్చే మనిషి. గాలి పోయిన సైకిలు తోసుకుంటూ నడిచి వెళ్ళేసరికి ఆలస్యమై, చూపు ఆనని హిల్యా ముసలమ్మ ఆమె కోసం వీధి తలుపు తీసుకుని వాకిట్లో కూర్చుండిపోయిందట. అదృష్టం, ఇర్యా అల్లి ఇచ్చిన శాలువా కప్పుకుని కూర్చుందట. ఈ సంగతి సినిక్కా తౌనోకి చెప్పింది, శాలువా మాట వింటే సంతోషిస్తాడని. చెప్పి, మీ టైర్లకి ఒక్కసారి కూడా గాలి పోలేదట కదా, నాకూ ఒక జత చేసి పెట్టండి అని అడిగింది.

తౌనో సరేనన్నాడు. ఆ రోజు నల్లటి రై రొట్టె మీద వెన్న కాస్త మందంగానే రాసుకుని తిన్నాడు. తన అవసరం ఎవరికో ఇంకా ఉందంటే మనిషికి ఆకలి బాగా వేస్తుంది.

ఆ శనివారం సౌనాలో ఎస్కో తువ్వాలు కొసలో కట్టి తెచ్చిన వస్తువొకటి విప్పి పక్కవాడి చేతిలో పెట్టాడు. తన టైరులోంచి తీసిన స్క్రూ. పొట్టిది. తల వెడల్పు గనక నేల మీద పడితే మొన పైకి పెట్టుకుని నిలబడే రకం. తలకి ఇటుక రంగు.

"ఈ రంగు మనందరికీ తెలిసిందే" అన్నాడు ఎస్కో. రైమో వైపు చూడకుండా అన్నాడు. చూడకపోవడమే ఎక్కువగా తెలిసింది.

రైమో ఆ చలికాలం నది అవతల ఆటల హాలుకి కప్పు వేస్తున్నాడు. రోజూ పొద్దున అతని ట్రెయిలరు సైకిలు దారి పక్క సందులోంచే పోతుంది. రేకులూ స్క్రూల పెట్టెలూ దానికి ఎక్కించేది అతని తమ్ముడు కాలెవి. రైమో తల దించుకుని, మావాడు పెట్టెలు సరిగ్గా మూస్తున్నట్టు లేదు, చూస్తాను అన్నాడు.

స్క్రూ చేతులు మారి తౌనో దగ్గరికి వచ్చింది. అరచేతిలో వేడిగా ఉంది. మరల మధ్య గాడిలో నల్లగా ఏదో పట్టి ఉంది. మట్టి అనుకుని గోటితో గీశాడు. గోటి కింద మెత్తగా వచ్చింది. ఆ ఆవిరిలో అది కరిగి వేలి మీద నురగ కట్టింది.

ఒంటి మీద నూలుపోగు లేకుండా నలుగురి మధ్య కూర్చుని ఉన్నాడు. ఎన్నో ఏళ్ళుగా అలా కూర్చుంటున్నాడు, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఇప్పుడు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. కప్పు వేసేవాడు స్క్రూలకి సబ్బు ఎందుకు రాస్తాడు? తను తప్ప ఈ పని ఎవరు చేస్తారు? స్క్రూని పక్కవాడికి అందించాడు. అందించే ముందు వేలితో గాడి శుభ్రంగా తుడిచాడు. ఎందుకు తుడిచాడో ఆ చెయ్యికే తెలియాలి.

"తౌనోకి ఏం భయం, ఇనప బూట్లవాడు" అన్నాడు ఎస్కో. "మిల్లు సరుకు మరి."

తౌనో నవ్వాడు. నవ్వి, వేడి ఎక్కువైందని చెప్పి బయటికి వచ్చేశాడు.

ఇంటికి పోయి సైకిలుని తిరగేసి, చక్రాలకి పట్టిన మంచును గోరువెచ్చటి నీళ్ళతో కడిగాడు. నోట్లో పళ్ళు ఊడినట్టు వరసలో ఎక్కడపడితే అక్కడ కన్నాలు. మిగిలినవాటిలో ఒకదాన్ని వేలితో తిప్పితే తిరిగింది. వేడిగదిలో మెత్తగా ఉన్నప్పుడు దించిన స్క్రూలు. బయటి చలికి రబ్బరు రాయిలా బిగుసుకుంటే, మధ్యలో సబ్బు ఉంది గనక పట్టు దొరక్క ఒక్కొక్కటీ మెల్లగా బయటికి నడిచి వచ్చాయి. కర్ర వేరు, రబ్బరు వేరు. ఇంత చిన్న సంగతి. మిల్లులో అతను బిగించిన బోల్టు ఊడిందన్న మాట ఒక్కనాడు రాలేదు. రిటైరైన రోజు ఫోర్‌మన్ అదే చెప్పి చెయ్యి కలిపాడు.

టైర్లు రెండూ విప్పి కట్టెల మోపు వెనక దాచాడు. దాచాక చెప్పడం ఇంకా కష్టమైంది. మర్నాటి నుంచి నడిచే వెళ్ళాడు. ఎవరైనా అడిగితే మోకాలు అన్నాడు. మేకుల టైర్ల సంగతేమిటని సినిక్కా అడిగితే, చేస్తున్నాను, కాస్త టైం పడుతుంది అన్నాడు. సౌనాకి పొయ్యి వెలిగించి, ఎవరూ రాకముందే ఒళ్ళు తడుపుకుని వచ్చేసేవాడు.

తను ఆపేస్తే పంక్చర్లు ఆగిపోతాయనుకున్నాడు. ఆగలేదు. రాలినవి రాలినట్టే మంచు పొరల్లో ఉన్నాయి. మంచు తోసే బండి వచ్చినప్పుడల్లా ఒక పొర తీసి కింద పొరలోవి పైకి తెస్తోంది.

ఏరెయ్యాలని ఒక పొద్దున బకెట్టు పట్టుకుని బయల్దేరాడు. వంతెన మలుపు తిరిగేసరికి దారి మధ్యలో రైమో ఉన్నాడు. పెద్ద గుండ్రటి అయస్కాంతం ఒకటి తాడుకి కట్టి మంచు మీద ఈడుస్తున్నాడు. నాలుగు అడుగులకొకసారి మోకాళ్ళ మీద కూర్చుని, చేతి తొడుగు తీసి, దానికి అంటుకున్నవి ఏరి డబ్బాలో వేస్తున్నాడు. వేళ్ళు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. పనికి పోయే ముందు రోజూ వస్తున్నట్టున్నాడు. పక్కన మోకాళ్ళ గుర్తులు చాలా దూరం దాకా ఉన్నాయి.

తౌనో నోరు తెరిచాడు. మాట అక్కడిదాకా వచ్చింది. రైమోయే ముందు మాట్లాడాడు.

"అక్కడ చూసి నడువు. ఇంకా ఉంటాయి." లేచి నిలబడి టోపీ సరిచేసుకున్నాడు. "నీకు కూడా ఇబ్బందైంది, నడుస్తున్నావట. ఏమనుకోకు. కాలెవితో గట్టిగా అనేశాను. వాడు కోపం తెచ్చుకుని పనికి రావడం మానేశాడు. చిన్నప్పట్నుంచీ ఒక్క పూట కూడా మాట్లాడుకోకుండా లేము. తప్పు మాది కదా మరి."

"పోనీలే రైమో" అన్నాడు తౌనో. "అలాంటివి జరుగుతుంటాయి."

ఆ మాట తన నోట్లోంచే వచ్చింది. తన చెవులతోనే విన్నాడు. రైమో ముఖం కాస్త తేలికపడి, థాంక్స్ అన్నాడు, మళ్ళీ వంగి తాడు పట్టుకున్నాడు. తౌనో బకెట్టును వెనక్కి పెట్టుకుని ఇంటికి తిరిగి వచ్చాడు. వంటింట్లో కుర్చీలో కోటు తియ్యకుండా కూర్చున్నాడు. ఎవరి తప్పును ఎవరు క్షమించినట్టు? తన తప్పు మోస్తున్న మనిషికి తనే క్షమ దానం చేశాడు. పైగా అతని చేత థాంక్స్ చెప్పించుకున్నాడు. కాఫీ పెట్టుకున్నాడు గానీ తాగలేదు. కిటికీ అవతల గూటి దగ్గర పిట్టలకి గింజలు వెయ్యడం ఆ రోజు మర్చిపోతే, ఒక చిన్న పసుపు పిట్ట వచ్చి గాజు మీద పొడిచి గుర్తుచేసింది. లేచి వేశాడు. ఆ పాటి పని ఇచ్చినందుకు దానికి రుణపడ్డట్టు అనిపించింది.

మార్చిలో సంఘం సమావేశం. కాలనీ ఇళ్ళ కప్పులు పాతబడ్డాయి. వేసవిలో మార్చాలి. ఆ పని రైమోకే అని నిరుడు అనుకున్నమాట. రైమో దాన్ని నమ్ముకుని వేసవికి వేరే పనులేవీ ఒప్పుకోలేదు. ఇప్పుడు సంఘం చేతులెత్తి తేల్చాలి. చెయ్యెత్తేవాళ్ళలో తౌనో కూడా ఒకడు.

సౌనా పక్క గదిలో, ఆదివారం మధ్యాహ్నం, బల్ల మీద కాఫీ, యాలకుల బన్నులు పెట్టుకుని కూర్చున్నారు. సినిక్కా కాఫీ పోస్తోంది. రైమో గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. స్క్రూల డబ్బా ఒళ్ళో ఉంది. అది ఎందుకు తెచ్చాడో ఎవరికీ అర్థం కాలేదు. ఎస్కో గొంతు సవరించుకుని, రైమో మంచివాడు, అందులో రెండో మాట లేదు, కానీ ట్రెయిలరులో పెట్టెలు మూసుకోలేనివాళ్ళకి మన తల మీది కప్పులు అప్పగించడమంటే ఆలోచించాలి, ఊళ్ళో వేరే కంపెనీ ఉంది అని చెప్పాడు. కోపంగా చెప్పలేదు. అదే ఘోరంగా ఉంది.

రైమో లేచి డబ్బాని బల్ల కొసన పెట్టాడు. దొరికినంతవరకూ ఏరాను, మంచు కరిగాక మిగిలినవి కూడా ఏరతాను అన్నాడు. మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. కప్పుల గురించి ఒక్క మాట అడగలేదు.

"సరే, వేరే కంపెనీకి ఇద్దామన్నవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాడు ఎస్కో.

తౌనో లేచాడు. చెయ్యెత్తడానికి లేవాల్సిన పని లేదు గనక అందరూ అతని వైపు చూశారు. ఒక్క నిమిషం అని చెప్పి బయటికి వెళ్ళాడు. ఆ నిమిషం ఎక్కువే పట్టింది. కట్టెల మోపు వెనక టైర్లు గడ్డకట్టి నేలకి అంటుకుపోయి ఉన్నాయి. ఒకటి పెకలించి తెచ్చేసరికి, తిరిగి రాడేమో అనుకుని ఎస్కో బన్ను కొరుకుతున్నాడు.

తౌనో టైరుని బల్ల మీద, బన్నుల పళ్ళేనికీ డబ్బాకీ మధ్య పెట్టాడు. దాని మంచు కరిగి గుడ్డ తడవడం మొదలైంది.

"రైమో ట్రెయిలరులోంచి ఏమీ పడలేదు" అన్నాడు. "ఇవి నావి. సామాన్ల గదిలో డబ్బాలోవి. మిల్లులోవి అని అబద్ధం చెప్పాను. సబ్బు రాసి దించాను, అందుకని ఊడిపోయాయి. మీ అందరి టైర్లలోనూ దిగింది ఇవే."

ఎస్కో డబ్బాలోంచి ఒక స్క్రూ తీసి, టైరులో ఒక ఖాళీ కన్నంలో పెట్టి వేలితో తిప్పాడు. దిగింది. తిప్పి తీశాడు. మొన వాసన చూశాడు.

"సబ్బు" అన్నాడు, తనలో తను. "మిల్లులో ఫిట్టరువి. సబ్బు రాశావా?"

"రాశాను."

తౌనో ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టైరు వైపే చూస్తూ నిలబడ్డాడు. ఎప్పట్నుంచి తెలుసని ఎవరూ అడగకూడదని కోరుకున్నాడు. రైమో అడిగాడు.

"వంతెన దగ్గర కలిసినప్పుడు తెలుసా నీకు?"

"తెలుసు."

"నేను ఏమనుకోకు అన్నాను కదా."

"అన్నావు."

"నువ్వు పోనీలే అన్నావు."

తౌనో తలూపాడు. సినిక్కా కాఫీ కెటిల్ పట్టుకుని గోడ పక్కన కదలకుండా నిలబడి ఉంది. రైమో లేచి టోపీ పెట్టుకున్నాడు. ఎన్నేళ్ళ నుంచో పక్కింటి గోడ అవతల ఉన్న మనిషి గొంతు పెంచడం తౌనో ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు కూడా పెంచలేదు.

"నా సంగతి సరే. కాలెవికి నువ్వే చెప్పు. వాడింటికి పోయి, నీ నోటితో చెప్పు. నేను చెప్తే వాడు నమ్మడు."

అని వెళ్ళిపోయాడు. తలుపు మెల్లగానే వేశాడు. కప్పుల పని రైమోకే అని చేతులెత్తడం ఆ తర్వాత క్షణంలో అయిపోయింది. తౌనో కూడా ఎత్తాడు. ఎస్కో ఇంకేదో అనబోయి, మానేసి, టైరు కింద తడిసిన గుడ్డ తీసి నేల మీద పాత పేపరు పరిచాడు. సినిక్కా వచ్చి అందరికీ పోసినట్టే తౌనో కప్పులో కూడా కాఫీ పోసింది. అతని ముఖం వైపు చూడలేదు. చూడనందుకు తౌనోకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"హిల్యాకి నేను చెప్పనా, మీరే చెప్తారా?" అని మాత్రం అడిగింది.

"నేనే చెప్తాను."

మర్నాడు పొద్దున తౌనో షెడ్డు తలుపు తీశాడు. కాలెవి ఇల్లు నది అవతల, నడిచి పోవడానికి దూరం. మేకులు లేని సైకిలు మీద ఆ దిగుడు మళ్ళీ దిగే ధైర్యం లేదు. ఇర్యా స్లెడ్జి గోడ నుంచి తీసి, పట్టాల మీద తుప్పు గీకి, వెలుతురులోకి తెచ్చాడు. గళ్ళ గుడ్డ మీద ఒక బఠాణీ గింజంత జాం మరక ఉంది. దాన్ని అలాగే ఉంచాడు. రైమో గుమ్మం పక్కన ఉన్న అయస్కాంతం దగ్గరికి వెళ్ళి, ఈసారి తలుపు కొట్టి అడిగి తీసుకున్నాడు. రైమో తాడు ముడి ఎలా వేస్తే జారదో చేత్తో చూపించి లోపలికి పోయాడు. తౌనో దాన్ని స్లెడ్జి వెనక కట్టాడు.

సైకిలు దారి మీదికి వచ్చేసరికి జనం పనికి పోయే వేళ. ఒక కాలు పట్టా మీద, ఒక కాలు మంచు మీద, వెనక అయస్కాంతం గీసుకుంటూ. అందరూ చూశారు. సంగతి అప్పటికే ఊరు చుట్టి ఉంటుంది. కొందరు గంట కొట్టి పక్కనుంచి పోయారు. ఒకాయన, తౌనోకి పేరు తెలియనాయన, వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. చెవులు మండుతుంటే టోపీ పైకి నెట్టుకున్నాడు. వంతెన దిగుడులో స్లెడ్జి తనంతట తనే జారడం మొదలుపెడితే రెండు కాళ్ళూ పట్టాల మీద పెట్టి పట్టుకున్నాడు. కింద చేరాక వెనక చిన్న చప్పుడైంది. ఆగి చూస్తే అయస్కాంతానికి ఇటుక రంగు తల ఒకటి అంటుకుని ఉంది. చేతి తొడుగు తీసి దాన్ని ఏరాడు. లోహం వేళ్ళకి కరుచుకుంది. రైమో వేళ్ళు గుర్తొచ్చాయి. కుర్చీలో గళ్ళ గుడ్డ మీద పెట్టి మళ్ళీ బయల్దేరాడు. అవతలి ఒడ్డుకి చేరేసరికి ఆ గుడ్డ మీద మరికొన్ని పోగయ్యాయి.

కాలెవి వాకిట్లో మంచు తోస్తున్నాడు. అన్నలాగే పొడుగు, అన్నలాగే మాట తక్కువ. పార ఆపి, వస్తున్న స్లెడ్జినీ, దాని వెనక తాడునీ, కుర్చీలో ఎర్రటి స్క్రూలనీ చూశాడు. తౌనో ఊపిరి అందాక చెప్పాడు. దారంతా మాటలు పేర్చుకుంటూ వచ్చాడు గానీ, తీరా చెప్పేటప్పుడు అవేవీ రాలేదు. నువ్వు పెట్టెలు సరిగ్గానే మూశావు, ఊడినవి నావి, తెలిసి కూడా దాచాను, మీ అన్న నిన్ను అన్నది నా వల్ల అని మాత్రం వచ్చింది.

కాలెవి విన్నాడు. పార కొసతో మంచులో ఒక గీత గీశాడు.

"నేనే రెండు రోజులు పెట్టెలు తిప్పి తిప్పి చూసుకున్నాను" అన్నాడు. "నిజంగానే మూయలేదేమోనని. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది."

అది క్షమాపణతో సరిపోయేది కాదని తౌనోకి తెలుసు. అక్కడే నిలబడ్డాడు. పొమ్మంటే పోవడానికి స్లెడ్జి పిడి మీద చెయ్యి ఉంచుకునే నిలబడ్డాడు.

కాలెవి చూపు కుర్చీ మీది గుడ్డ దగ్గర ఆగింది.

"ఇర్యాది కదూ ఇది" అన్నాడు. "మా అమ్మకి బ్లూబెర్రీ జాం తెచ్చేది దీని మీదే." పారని మంచు కుప్పలో గుచ్చాడు. "బయట ఉంచకు, పట్టాలు గడ్డకి అంటుకుపోతాయి. షెడ్డులో పెట్టు. పెట్టి లోపలికి రా, రైమోకి ఫోన్ చేస్తాను. చేస్తున్నప్పుడు నువ్వు పక్కనే ఉండు."

తౌనో స్లెడ్జిని షెడ్డులోకి తోశాడు. గుడ్డ మీద స్క్రూలను పిడికిట్లోకి తీసుకుని, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక, అలాగే పట్టుకుని లోపలికి వెళ్ళాడు.